అన్నం తింటివా అని అడిగిన గొంతు కోసం

చిక్కబళ్లాపురం వైపు వెళ్లొచ్చానని చెబితే అందరూ నంది కొండ ఎక్కావా అనే అడుగుతున్నారు. ఎక్కలేదు. మొదటి రోజంతా అది నా కళ్లెదుటే ఉంది. తలెత్తి చూసే ధైర్యం ఉన్నవాళ్లకు బాగానే ఉంటుందేమో. నేను వెళ్లిన పని వేరు. ఒక ముసలామె ఇంట్లో ఎవరైనా చనిపోయారా, చనిపోతే అందులో నా చెయ్యి ఎంత అని తెలుసుకోవడానికి వెళ్లాను. ఆమె పేరు, ఊరు, ఫోను నంబరు ఏవీ నాకు తెలియవు. నా దగ్గర ఉన్నది ఇరవై సెకన్ల గొంతు మాత్రమే.

నేను చేసిన పని గురించి కొంచెం చెప్పాలి. హైదరాబాదులో ఒక చిన్న సంస్థ, మాటలు విని అక్షరాల్లో రాసే యంత్రం తయారుచేస్తుంది. మనిషి ఒక్కో మాట ఆగి ఆగి పలకనక్కర్లేదు. మామూలుగా గడగడా మాట్లాడొచ్చు. ఎవరు మాట్లాడినా ఫరవాలేదు. యంత్రం ఆ గొంతును రెప్పపాటు కన్నా చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క ఏ ధ్వని అయ్యే అవకాశం ఎంతో లెక్క వేస్తుంది. ఏ మాట పక్కన ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో అదీ లెక్క వేస్తుంది. రెండు లెక్కలూ కలిపి, అన్నిటికన్నా బాగా కుదిరే వాక్యం రాస్తుంది. ఇది నేర్పడానికి వేలమంది గొంతులు వినిపిస్తాం. ముక్కుతో మాట్లాడేవాళ్లవి, పళ్లు లేనివాళ్లవి, చంటిపిల్లను ఎత్తుకుని మాట్లాడే తల్లులవి. ఇంతమంది ఎందుకంటే, మాట్లాడుతున్నది ఎవరన్న సంగతి యంత్రం మరిచిపోవడానికి. మనిషిని తీసేసి మాటను మిగుల్చుకోవడమే ఆ విద్య.

యంత్రం రాసినదాన్ని గొంతుతో పోల్చి విని 'సరి' అనో 'తప్పు' అనో గుర్తు పెట్టడం నా పని. తెనాలిలో ఇరవై రెండేళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ని. ఆ ఆఫీసులో నన్ను చెవుల మాస్టారు అనేవాళ్లు. ఎదురుగా కాదు, తలుపు అవతల. నాకున్నవి చెవులేనని వాళ్లు మరిచిపోయేవాళ్లు.

ఈ ఏడాది శివరాత్రి దాటాక, ఒక వైద్య సంస్థ మా యంత్రాన్ని కర్ణాటకలోని చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో తెలుగు మాట్లాడేవాళ్ల కోసం పెట్టి చూసింది. ఫోను చేస్తే 'నమస్కారం, మీ సమస్య చెప్పండి' అంటుంది. రోగానికి సంబంధించిన మాట వినబడితే అంబులెన్సువాళ్లకు కలుపుతుంది. ఇరవై సెకన్లలో అలాంటిది రాకపోతే ధన్యవాదాలు చెప్పి పెట్టేస్తుంది.

ఇరవై సెకన్లు చాలవని, దాన్ని పెట్టకముందే మీటింగులో నేను అన్నాను. నెలల తరబడి ఆ వైపు మనుషుల మాటలు విన్నవాణ్ని. కష్టం చెప్పుకోవడానికి ఫోను చేసినా, ముందు ఎదుటివాడి మంచిచెడ్డలు అడగందే వాళ్లు అసలు సంగతి ఎత్తరు. అలా ఎత్తితే మర్యాద తప్పినట్టు. మేనేజరు నవ్వాడు. "మాస్టారూ, ప్రాణం పోతుంటే ఎవరైనా వానల గురించి మాట్లాడతారా?" అన్నాడు. పదకొండు మంది నవ్వారు. ఎవరెవరు ఏ కుర్చీలో కూర్చుని నవ్వారో ఇప్పుడడిగినా చెప్పగలను.

అలిగాను. మర్నాడు ఒప్పుదల కాగితం నా ముందుకొస్తే, ఇంకో మాట అనకుండా సంతకం పెట్టాను. దెబ్బ తగిలినప్పుడు వీళ్లకే తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ దెబ్బ ఎవరికి తగులుతుందో ఆలోచించలేదు.

మార్చిలో ఆ గొంతు నా చెవుల్లోంచి ఒకసారి వెళ్లింది. "బాగుండావా నాయనా? అన్నం తింటివా? మా పక్క వానే లేదు, మీ పక్కన్నా పడిందా? ఏంలే నాయనా, ఒక మాట చెప్పల్లని చేసినా. ఇంట్లో ఆయప్ప..." అంతే, ధన్యవాదాలు. ఆయన అనడానికి ఆ వైపు ఆయప్ప అంటారు. యంత్రం అది కూడా ఒక్క అక్షరం పొల్లు పోకుండా రాసింది. నేను 'సరి' అని పెట్టి తర్వాతి గొంతుకు వెళ్లిపోయాను.

మేలో వేరే పని మీద మళ్లీ విన్నాను. ఆమె మాటల వెనకాల టక్ టక్‌మని ఏదో చప్పుడు, దాని సందుల్లోంచి ఒక మగమనిషి మూలుగు. యంత్రం ఆ రెండింటినీ చెత్తకింద తీసేసింది. మార్చిలో నేను కూడా తీసేశాను.

మేనేజరుకు చెప్పాను. "నంబర్లు మన దగ్గర ఉండవు మాస్టారూ, నియమం. మీరు మరీ లోతుగా వింటున్నారు" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఆ గొంతును దొంగతనంగా నా ఫోనులోకి ఎక్కించుకుని సెలవు చీటీ రాసిచ్చాను.

చిక్కబళ్లాపురం

దిగగానే మందుల షాపు గోడ మీద, ఆ ఫోను నంబరు అచ్చువేసిన మా కాగితం కనబడింది. నంబరు ఇంకా పనిచేస్తుందా అని చేసి చూశాను. "నమస్కారం, మీ సమస్య చెప్పండి" అంది. "బాగున్నారా? భోంచేశారా? ఎండలు ఎలా ఉన్నాయి?" అన్నాను. ఇరవై సెకన్లకు ధన్యవాదాలు చెప్పి పెట్టేసింది. ఈ క్షణాన ఇంకో ఇంట్లో ఇంకెవరైనా ఇలాగే ఫోను చేస్తూ ఉండవచ్చు.

భోజనానికి ఒక చిన్న హోటలుకు వెళ్లాను. నా తర్వాత వచ్చిన ఇద్దరికి ముందు వడ్డించారు. గుర్తు పెట్టుకున్నాను. డెబ్బై రూపాయలకు రాగి సంగటి, ఆకుకూర పప్పు పులుసు, ఉల్లిపాయ. ఇక్కడ సంగటిని ముద్ద అంటారు. తెనాలిలో అన్నం నమిలినట్టు నేను నములుతుంటే వడ్డించే ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"నమలద్దప్పా, పులుసులో ముంచి మింగల్ల. యాడ మీ ఊరు?"

"తెనాలి."

"యాడుండాదో ఏమో. టీవీలో వార్తలు చెప్పినట్ల మాట్లాడతాండావే, అందుకే అడిగితి."

ఇది పొగడ్త కాదని నాకు తెలుసు. అయినా మనిషి మంచిదిలా ఉంది కనుక, ఫోను తీసి, ఈ గొంతు ఎవరిదో తెలుసా అని వినిపించాను. గరిటె చేతిలోనే పట్టుకుని వంగి విన్నది.

"మా వీధి ముసలోళ్లది ఎవురిదీ కాదప్పా ఇది," అని ఆగింది. "అయినా... ఎనకాల ఎవురో మూలగతాండారే?"

నాకు రెండు నెలలు పట్టిన మూలుగు ఆమెకు ఒక్కసారికే వినబడింది.

"బతికుండాడా ఆయప్ప?" అంది.

"తెలీదమ్మా. అది తెలుసుకోవడానికే వచ్చాను."

ఆమె నా ముఖం వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ నా వరసకు వడ్డనకు రాలేదు. ముద్ద సగం ఆకులోనే ఉండిపోయింది.

పేరేసంద్ర

మర్నాడు బాగేపల్లి దారిలో పేరేసంద్ర దగ్గర దిగాను. హైవే పక్కన వరసగా అంగళ్లు. ఒక కిరాణా అంగడి తలుపు మీద మళ్లీ ఆ కాగితం. రాత్రంతా ఆ 'ధన్యవాదాలు' చెవిలో మోగుతూనే ఉంది. ఇక ఉండబట్టలేక కాగితం పట్టి లాగాను.

"ఏయ్, ఏమి చింపతాండావు?" లోపలినుంచి శెట్టిగారు లేచారు. నుదుట నామం, మోచేతి దాకా బెల్లం మరకలు.

"ఇది పనిచేయదండీ. దీన్ని నమ్ముకుంటే ప్రమాదం."

"నీకెట్ల తెలుసు?"

"నేను ఆ సంస్థలోనే పనిచేస్తాను."

"అంటించినోడు కాగితం చూపిచ్చి అంటించె. నువ్వు చింపల్లంటే నువ్వూ చూపీ. సహి ఉండాది నీ తావ?"

సంతకం నా దగ్గర ఉంది. కాగితం చింపడానికి కాదు, దాన్ని గోడెక్కించడానికి పెట్టిన సంతకం. శెట్టిగారు జిగురు సీసా నా చేతిలో పెట్టారు. చింపిన మూలను నా చేతులతోనే మళ్లీ అంటించాను. నలుగురు చూస్తూ నిలబడ్డారు. "వంకర పోయిండాది, సరిగా పెట్టప్పా" అని ఒకడు సలహా కూడా ఇచ్చాడు. పచ్చ లుంగీ, ఎడమ చెవికి పోగు. వాణ్ని మరిచిపోను.

బాగేపల్లి

బస్టాండు పక్క టీ బంకు. టీ పది రూపాయలు, మూడు గుక్కలు. ఇక్కడ కండక్టరు కన్నడంలో టిక్కెట్టు కోసి తెలుగులో తిడతాడు. ఎవరికీ వింతగా తోచదు. మా వైపు ఇంకో భాష వినబడితే తల తిప్పి చూస్తాం.

బస్సుల రొదలో వినబడాలని ఫోను గొంతు పెంచి బెంచీ మీద పెట్టాను. అది నా తెలివితక్కువ. రెండుసార్లు మోగేసరికి చుట్టూ పదిమంది చేరారు.

"ఎవురిదప్పా ఆ గొంతు?"

"నాకూ తెలీదు. ఆమెనే వెతుకుతున్నాను."

"తెలీని ఆడమనిషి గొంతు నీ ఫోన్లో ఎందుకుండాది?" ఎర్ర చొక్కా మనిషి ఒకడు నా ఫోను తీసేసుకున్నాడు. "మొన్న మా బామ్మర్ది గొంతుతోనే ఎవుడో ఫోన్ చేసె. అచ్చం వాడే మాట్లాడినట్ల ఉండె. గొంతులు దొంగిలించేవాళ్లు నీ మాదిరే ఉంటారా?"

దొంగను కాదు అనబోయాను. ఫోనులో ఉన్నది దొంగిలించిన గొంతే. నోరు తెరిచి మూశాను. అది వాళ్లకింకా అనుమానం పెంచింది. ఎవరో భుజం పట్టుకున్నారు. "ఠాణాకు తీస్కపోదాం రాండి" అన్నారు. ఠాణాలో పేరు రాస్తారు, ఆఫీసుకు ఫోను చేస్తారు. ఆ ముసలామె సంగతి ఇక ఎప్పటికీ తేలదు. అన్నిటికన్నా అదే భయం.

"ఉండండప్పా, మళ్లా ఒకసారి పెట్టండి దాన్ని." బంకు పక్కన కనకాంబరాలు కడుతున్న ఒక పెద్దామె. చేతులు ఆగలేదు, తల ఒక్కటే ఇటు తిప్పింది. ఎర్ర చొక్కా మళ్లీ పెట్టాడు.

"ఆ టక్ టక్ ఏందో తెలుసునా మీకు? చింతపండు కొట్టతాండారు. గింజ తీసేది. విను, రెండు దెబ్బలు, ఒక తిరగేత. మళ్లా రెండు దెబ్బలు. అదీ ఒకరు కాదు, అయిదారు మంది. వీధి వీధంతా కూర్చోని కొట్టతాండారు. అట్ల కొట్టేది చింతామణిలోనే. మా చెల్లెలు ఆడ అదే పని చేసె." ఆమె దారం పంటితో తెంపింది. "పంపీండప్పా ఆయప్పను. దొంగ ముఖం కాదు అది. దయ్యం పట్టినోని ముఖం."

అలాంటి చప్పుళ్లను తీసేయడం యంత్రానికి నేర్పడానికి మేము ఒక వేసవంతా కష్టపడ్డాం. దాని మీద నా సంతకాలూ ఉన్నాయి. ఇప్పుడు దారి చూపించినది ఆ చప్పుడే.

ఎర్ర చొక్కా ఫోను ఇచ్చాడు. ఇంకో టీ ఇప్పించాడు. తప్పయిందన్న మాట మాత్రం అనలేదు.

చింతామణి

మూడో రోజు చేళూరు మీదుగా చింతామణి. దారంతా ఎర్రమట్టి, మామిడి తోటలు, టొమాటో పెట్టెలు ఎత్తుతున్న లారీలు. ఎవరైనా వెళితే కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, బాగుంటుందట. పక్క సీటాయన చెప్పాడు. నేను అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

చింతపండు మండీలో అడుగు పెట్టగానే పుల్లటి వాసనకు నోట్లో నీళ్లూరాయి. ఆ భయంలోనూ ఊరాయి. గద్దె మీద కూర్చున్న వ్యాపారికి యాభై ఏళ్లుంటాయి, తరతరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగు కుటుంబం. ఈసారి బుద్ధిగా ఫోను ఆయన చెవికి దగ్గరగా పెట్టాను. "బాగుండావా నాయనా" దాకా వచ్చింది.

"నరసక్క," అన్నాడాయన.

"ఇంకా ఉంది, పూర్తిగా వినండి. ఎలా పట్టారు?"

"ఎట్లా అంటే? నరసక్క కాదా ఇది? మా తావ గంప తీస్కపోయి గింజ తీసిచ్చే నరసక్క!" అదొక ప్రశ్నా అన్నట్టు నవ్వాడు.

చివరికి అడిగాను. "ఆమె ఇంట్లో అందరూ..."

నవ్వు పోయింది. "ఆమె బాగానే ఉండాది. ఆమె మొగుడు నారాయణప్పే, పాపం..." ఇంతలో తూకానికి మనిషి వచ్చాడు. వ్యాపారి అటు తిరిగి, చేత్తో వీధి చూపించాడు. "పోయి చూడప్పా నువ్వే."

ఆ వీధి మొదట్లోనే వినబడింది. టక్ టక్, ఒక తిరగేత. టక్ టక్. హైదరాబాదు నుంచీ నా చెవుల్లో మోగుతూ వచ్చిన చప్పుడు ఇప్పుడు చెవుల బయట ఉంది. అరుగుల మీద ఆడవాళ్లు రాయి ముందు పెట్టుకుని చిన్న సుత్తులతో కొడుతున్నారు. మూడుసార్లు వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాను. నాలుగోసారి ఒకామె సుత్తి ఆపి, "ఎవురు కావల్లప్పా?" అంది. ఇక తప్పలేదు.

రేకుల ఇల్లు. గుమ్మంలో నిలబడగానే లోపలినుంచి వచ్చింది ఆ గొంతు.

"ఎవురు, రా నాయనా. బాగుండావా? అన్నం తింటివా?"

అదే వరస, అదే ఆగడం. గడప మీద కూర్చుండిపోయాను. జవాబు చెప్పలేకపోయాను.

గోడవార మంచం మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. బతికే ఉన్నారు. కుడిచెయ్యి ఒళ్లో వేరేవాళ్ల వస్తువులా పడి ఉంది. మూతి ఒక పక్కకు లాగేసింది.

ఆ ఫోను కంపెనీ నుంచి వచ్చానన్నాను. వ్యాపారి నరసక్క అన్న ఆ నరసమ్మ నా ఎదురుగా కూర్చుంది. కోపంగా కాదు, జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఆ పొద్దు కాఫీ తాగతా తాగతా ఒక పక్కకు వాలిపాయె. అంగట్లో అంటించిన నంబరుకు చేస్తి. ఎవురో మొగాయన, ఎంత బాగా నమస్కారం చెప్పె! అంత మర్యాదస్తునితో ఎత్తుకున్నెంటనే మా కష్టమెట్ల చెప్పేది? అన్నం తింటివా అంటి, పలకలే. వానలడిగితి, పలకలే. సరే అని అసలు మాట ఎత్తితి. పెట్టేసె."

"మళ్లీ చేయలేదా అమ్మా?"

"ఎట్ల చేసేది? నేనేమన్నా తప్పు మాట్లాడితినేమో, ఆయప్పకు కోపమొచ్చెనేమో అనుకుంటి. మండీ టెంపో వచ్చేకొద్దికి మధ్యాన్నమాయె. మూడు గంటల ముందు తెచ్చింటే నోరన్నా నిలిచిండు అనె డాక్టరమ్మ."

మంచం మీది ఆయన ఏదో అన్నారు. నాకు ఒక్క మాట తెలియలేదు. బతుకంతా మాటలు విన్న చెవులకు ఒక్క అక్షరం దొరకలేదు. మా యంత్రమైతే దీనికీ ఒక వాక్యం రాసేస్తుంది. తెలియలేదు అని అది ఎప్పుడూ ఒప్పుకోదు.

"కాఫీ ఇయ్యమంటాండాడు నీకు," అంది నరసమ్మ, ఆయన వైపు చూడకుండానే. తర్వాత నన్నడిగింది. "అయితే ఆ పొద్దు ఫోన్లో ఉండేది ఎవురు నాయనా?"

యంత్రమమ్మా అనొచ్చు. మా మేనేజరు అనొచ్చు. పదకొండు మంది పేర్లు వరసగా చెప్పొచ్చు, మూడు నెలలుగా నాలుక మీద పెట్టుకుని తిరుగుతున్నాను.

"నేనేనమ్మా," అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "కాదు. ఆ గొంతు వేరే."

"గొంతు వేరే. పెట్టేసింది నేను." మీటింగు, నవ్వు, అలక, సంతకం, 'సరి' గుర్తు అన్నీ చెప్పాను. వీధిలో సుత్తులు ఆగకుండా కొడుతూనే ఉన్నాయి.

"ఇప్పుడూ అట్లనే పెట్టేస్తాండాదా అది?"

"అవునమ్మా."

"మరి ఈడ కూర్చోని నాకు చెప్తాండావేమి?"

ఆ గడప మీదే కూర్చుని ఆ వైద్య సంస్థకు నేరుగా ఉత్తరం రాసి ఫోనులో పంపాను. నా బతుకులో ఎన్నో ఫిర్యాదులు రాశాను. నా పేరు మీద నేనే రాసుకున్నది ఇదొక్కటే. మర్నాటికి ఆ నంబరు ఆగింది. ఆ వారానికి నా ఉద్యోగం ఆగింది. ఆ ఉత్తరంలో ఒక అక్షరదోషం ఉందని మేనేజరు అన్న మాట మాత్రం నేను మరిచిపోను.

నేను రాస్తుండగా నరసమ్మ మంచం దగ్గరికి వెళ్లి, నేను చెప్పినదంతా ఆయనకు మళ్లీ చెప్పింది. నారాయణప్ప నా వైపు చూశారు. అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టారు. ఎడమచెయ్యి మంచం పట్టె మీద కొట్టుకుంటూ, ఊపిరి ఎగబీల్చుకుంటూ, కళ్లు నా మీదినుంచి తిప్పకుండా చాలాసేపు మాట్లాడారు. ఇరవై సెకన్ల కన్నా ఎక్కువే. మధ్యలో ఆపే ధైర్యం ఎవరికీ లేదు.

"ఏమంటున్నారమ్మా?" అన్నాను.

నరసమ్మ కొంగుతో ఆయన మూతి తుడిచింది. లేచి పీట వాల్చింది.

"అన్నం తినిపొమ్మంటాండాడు," అంది.

ఆయన మాట్లాడినదంతా అది కాదు. మిగిలినదాన్ని ఆమె తీసేసింది. అదేమిటో నేను అడగలేదు. ఇందాక గుమ్మంలో ఆమె అడిగినదానికి, అంతకుముందు మార్చిలో అడిగినదానికి, అప్పుడు జవాబు చెప్పాను.

"ఇంకా తినలేదమ్మా."